ఏటి అవతలి కౌంటరు

టిక్కెట్టు యంత్రాలు వచ్చిన నెలలోనే ఆ డిపోలో నూట అరవై మంది కండక్టర్లను ఇంటికి పంపేశారు. వాళ్ళలో ఈమె ఒకతె. పందొమ్మిదేళ్ళు బస్సులో నిలబడి ఊరంతటినీ ముందుకు జరగమని చెప్పిన మనిషి. ఉద్యోగం పోయింది గాని పిలుపు పోలేదు. పచారీ కొట్టు ఆయన దగ్గర్నుంచి ఎదురింటి పసిపిల్ల దాకా అందరికీ ఆమె ఇంకా కండక్టరమ్మే.

మొదటి వారం అలమరాలు సర్దింది. రెండో వారం ఇంట్లో గిన్నెలన్నీ తళతళలాడేలా తోమింది. మూడో వారం మళ్ళీ ఆ గిన్నెల మీదికే దిగేసరికి అత్తయ్య చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నువ్విలాగే తోమితే అవి గిన్నెలు కావు, జల్లెళ్ళవుతాయి. వాటిని వదిలేసి వెళ్ళి ఉపాధి ఆఫీసులో పేరు రాయించుకో."

అత్తయ్య ముప్ఫై ఒక్క ఏళ్ళు సర్కారు ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన మనిషి. అత్తా కోడళ్ళ మధ్య చిన్నా చితకా రుసరుసలు లేకపోలేదు. కానీ బయటివాళ్ళతో తలపడాల్సి వస్తే ఇద్దరిదీ ఒకే జట్టు. నీళ్ళ ట్యాంకు దగ్గర షిఫ్టుల్లో పనిచేసే కొడుకు ఈ సంగతి పెళ్ళైన ఏడాదిలోనే కనిపెట్టి, వాళ్ళ మధ్య నోరు మెదపడం మానేశాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు కండక్టరమ్మ బయల్దేరింది. వాళ్ళ ఇల్లు ఏటికి అవతల, ఊరి ఉత్తరపు కొసన ఉంది. ఉపాధి ఆఫీసు దక్షిణపు కొసన, సిమెంటు గోడౌన్ల వెనక. ఇరవై అయిదు నిమిషాలు నిలబడితే మొదటి బస్సు వచ్చింది. వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. మార్కెట్టు దగ్గర దిగేసరికి రెండో బస్సు కళ్ళ ముందే కదిలిపోయింది. అది గంటకొక్కటే. ఆ తర్వాతది దొరికి, దిగిన చోటి నుంచి లారీల దుమ్ములో ఇరవై నిమిషాలు నడిస్తే మూడంతస్తుల పాత మేడ కనిపించింది. ఆఫీసు పై అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు తాడుతో కట్టేసి ఉంది. కటకటాల్లోంచి చూస్తే లోపల మనుషులకు బదులు ఫైళ్ళ కట్టలున్నాయి.

లైను మెట్ల మీదుగా కిందికి దిగి వసారా దాకా వచ్చింది. చివర నిలబడి వాచీ చూసుకుంది. పన్నెండుం పావు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి చేరి, ముందు ఇంకా తొమ్మిది మంది ఉన్నారనగా, సరిగ్గా ఒంటిగంటకు కిటికీ రేకు ధనామని పడింది.

"టైమైపోయింది. రేపు రండి" అని లోపలి నుంచి వినబడింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడమే ఆమెకు వింతగా తోచింది. బస్సులో ఒక్క స్టాపు దాటిపోతేనే మీద పడి కరిచే జనం, ఇక్కడ తలలు వంచుకుని మెట్లు దిగుతున్నారు.

ఒకతను మాత్రం దిగలేదు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, చంకలో కర్ర, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. గోడకు ఆనుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏం తమ్ముడూ, దిగడానికి సాయం కావాలా?"

"దిగడం పెద్ద పని కాదక్కా. ఎక్కడమే కష్టం" అన్నాడతను.

అతను వెల్డరు. పరంజా మీంచి పడి మోకాలు పోగొట్టుకున్నాడు. చేతులు మాత్రం చెక్కు చెదరలేదు. కూర్చుని చేసే వెల్డింగు పని దేనికైనా సిద్ధమని నాలుగేళ్ళ కిందట పేరు రాయించుకున్నాడు. ఆ ఆఫీసులో పేరున్న ప్రతివాళ్ళూ మూడు నెలలకోసారి, వాళ్ళకిచ్చిన తేదీన, స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. వరుసగా రెండుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు. పేరు పోతే సీనియారిటీ పోతుంది. ఉద్యోగాలకు పిలిచేది ఆ సీనియారిటీని బట్టే.

"మొదటిసారి వంతెన మీద ఇరుక్కుపోయాను. రెండోసారి పావు తక్కువ ఒంటిగంటకే కిందికొచ్చాను. ఈ కాలితో మూడంతస్తులెక్కేసరికి రేకు పడిపోయింది. ఇవాళ తెల్లారకముందే లేచి అందరికన్నా ముందొచ్చాను. రిజిస్టరు తీసి చూపించారు. నా పేరు మీద ఎర్ర గీత. వచ్చే జాబితాలో నా వంతు వచ్చుండేదట, రైలు పెట్టెల కార్ఖానాకి."

అతని గొంతులో ఏడుపు లేదు. అతన్ని మెల్లగా కిందికి దింపి, బస్సు దాకా నడిపించి ఎక్కించింది.

ఇంటికొచ్చి జరిగిందంతా అత్తయ్యకు చెబుతూ, చివర్లో గొంతు పెంచింది. "రేపు వెళ్ళి ఆ కిటికీ ముందు నిలబడి అందరికీ వినపడేలా అడిగేస్తాను!"

"అడుగు. నీ గొంతుకి మూడు వీధులు వింటాయి, ఆఫీసు మాత్రం వినదు. నేను ముప్ఫై ఏళ్ళు చూశాను కదా. ఎవరైనా వచ్చి అరిస్తే మా వాళ్ళు టీ తాగడానికి లేచేవాళ్ళు. ఎవరైనా ఒక పట్టిక వేసి తెస్తే మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చదివేవాళ్ళు. నువ్వు పట్టిక వెయ్యి."

"పట్టికలో ఏం రాయాలి?"

"అది నన్నడుగుతావేంటి? రోజుకి వందల మంది ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో రాసుకున్నది నువ్వా నేనా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. మర్నాటి నుంచి అట్ట, పెన్సిలు పట్టుకుని ఆ మేడ గుమ్మం దగ్గర నిలబడింది. వచ్చిన ప్రతివాళ్ళనూ నాలుగే ప్రశ్నలు అడిగేది. ఎక్కడి నుంచి వచ్చారు? ఎన్నింటికి బయల్దేరారు? ఎన్ని బస్సులు మారారు? పనైందా, లేదా? మొదట్లో కొందరు విసుక్కున్నారు. "నువ్వేమైనా ఆఫీసరువా?" అని ఒక తాపీమేస్త్రీ కళ్ళెర్రజేశాడు. "కాదన్నా, నేనూ లైనులోదాన్నే" అంది. ఆ తర్వాత అతనే పక్కన నిలబడి, వచ్చేవాళ్ళను "ఇటు రండి, అక్కకి చెప్పండి" అని పిలవడం మొదలెట్టాడు.

ఇరవై మూడు పనిదినాల్లో ఆరువందల నలభై మంది చెప్పింది రాసింది. గోడ మీది నోటీసు బోర్డులో, కొట్టేసిన పేర్ల జాబితాలు చిరునామాలతో సహా అంటించి ఉన్నాయి. ఎవరూ వాటి మొహం చూసేవాళ్ళు కాదు. ఆమె వాటినీ ఎక్కించుకుంది. అత్తయ్య బీరువా మీంచి పాత టైపు మిషను దింపించి, దుమ్ము దులిపి, రిబ్బను మార్చి కూర్చుంది. పట్టిక పూర్తయ్యాక ఇద్దరూ కూర్చుని అంకెలు కూడారు. ఏటికి ఇవతల, ఆఫీసు వైపు ఉన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది పని అదే రోజు అవుతోంది. ఏటి అవతలి వాళ్ళలో పదిమందికి ముగ్గురిదే. రెండేళ్ళలో కొట్టేసిన నూట తొంభై పేర్లలో నూట డెబ్భై ఒక్కటి ఏటి అవతలివే.

"వీళ్ళు పని అక్కర్లేక మానేశారని అక్కడ రాసుకుంటున్నారు, అత్తయ్యా."

"రాసుకోనీ. మన పట్టిక కింద ఇంకో మాట చేరుద్దాం. ఆ ఆఫీసు నిబంధనల పుస్తకం ఒకటుంటుంది. అడిగితే చూపించి తీరాలి. పట్టుకురా."

కిటికీ వెనకాల గుమాస్తా గొణుక్కుంటూనే దానికి నకలు ఇచ్చాడు. అత్తయ్య మూడు రోజులు వాక్యాల కింద స్కేలు పెట్టుకుని చదివింది. నాలుగో రోజు పొద్దున పళ్ళు తోముకుంటున్న కోడల్ని కేకేసింది. "ఇలా రా! నురగ తర్వాత ఉమ్ముదువుగాని!"

ఇరవై ఏడో పేజీలో ఉంది. తాళం వేయగల గది దొరికితే, రిజిస్ట్రేషను అధికారి తన బాధ్యత మీద వేరే చోట కూడా పేర్ల నమోదు, సంతకాల పని జరిపించవచ్చు. ముప్ఫయ్యో పేజీలో ఇంకోటి. రాలేకపోవడానికి సరైన కారణముందని అధికారి నమ్మితే, కొట్టేసిన పేరును పాత సీనియారిటీతోనే తిరిగి చేర్చవచ్చు.

రిజిస్ట్రేషను ఆఫీసరు గది కిటికీకి వెనక వైపు, వేరే మెట్ల మీద ఉంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆఫీసు వాళ్ళ బండిలో వచ్చి, వెనక మెట్లెక్కి, ఫైళ్ళలో మునిగి, అదే దారిన వెళ్ళిపోయే మనిషి. పట్టికను నిజంగానే కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"అంకెలు బాగున్నాయమ్మా. కానీ రెండు బస్సులు మారి రావడం అంత అసాధ్యమైన పనేం కాదు కదా. కాస్త ముందు బయల్దేరితే సరిపోతుంది."

"అయితే సార్, ఒక్కసారి నాతో రండి. మా వీధి చివరి స్టాపు నుంచి ఇక్కడికి. ఒక్క పూట."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "సరే. గురువారం."

గురువారం తొమ్మిదిన్నరకు ఆఫీసరు ఇస్త్రీ చొక్కాతో ఆ స్టాపులో నిలబడ్డాడు. మొదటి బస్సులో సీటు లేదు. వంతెన మీద నలభై నిమిషాలు. పక్కనున్న పాల క్యాను ఆయన ప్యాంటు మీద ఒలికింది. రెండో బస్సు కోసం మార్కెట్టులో ఎండలో నిలబడ్డారు. గోడౌన్ల దారిలో ఒక లారీ దుమ్మంతా ఆయన నెత్తిన పోసి పోయింది. మేడ చేరాక ఆయన అలవాటు కొద్దీ వెనక మెట్ల వైపు తిరిగాడు.

"అటు కాదు సార్. లైను ఇటు."

ఆయన వెనక్కి వచ్చి లైనులో నిలబడ్డాడు. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఎప్పుడైనా చూసుంటే కదా. రెండో అంతస్తు మలుపులో, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ, "కాస్త ఈ సంచీ పట్టుకోండి బాబూ" అని ఆయన చేతికిచ్చింది. ఆ సంచీతోనే ఆయన పై మెట్టు దాకా వచ్చాడు. ముందు నలుగురే ఉన్నారు. ధనామని రేకు పడింది.

"టైమైపోయింది. రేపు రండి."

ఆఫీసరు ముందుకెళ్ళి రేకు మీద తట్టాడు. "తియ్యవయ్యా."

"చెప్పాను కదండీ, రేపు!"

"నేనయ్యా!"

"నేనంటే ఎవరు? ఎవరైనా రేపే!"

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు ఆ మూసిన రేకు వైపు, చేతిలోని సంచీ వైపు, వెనక నిలబడ్డ జనం వైపు చూశాడు. గట్టిగా తన హోదా చెప్పాడు. రేకు పైకి లేచింది. లోపల గుమాస్తా మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"సార్... మీరా... పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదండీ. ఒక్కణ్ణే..."

"నీ తప్పేం లేదులే. ముందు నీళ్ళు తాగు. తర్వాత ఈ మెట్ల మీద ఉన్నవాళ్ళందరి పనీ చెయ్యి. నేనూ కూర్చుంటాను."

ఆ రోజు మూడింటి దాకా ఇద్దరూ కూర్చుని పని చేశారు. కండక్టరమ్మ పేరూ ఆ పూటే రిజిస్టరుకెక్కింది. చివర్న ఆఫీసరు కండక్టరమ్మను పిలిచాడు. "గది ఉంటే కౌంటరు పెట్టొచ్చని రాసుంది కదా. గది మీరు చూపించండి. పై ఆఫీసుతో నేను మాట్లాడతాను."

గది ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఏటి అవతలి డిపోలో, కండక్టర్లు డ్యూటీ దిగాక లెక్క అప్పగించే పెద్ద గది. ఆ వైపు బస్సులన్నీ అక్కడికే చేరతాయి. నేల మట్టానే ఉంటుంది, మెట్లు లేవు. యంత్రాలు వచ్చాక తాళం వేసి పెట్టారు. తాళం చెవి డిపో మేనేజరు దగ్గరుంది. ఆమెను ఇంటికి పంపిన కాగితం మీద సంతకం పెట్టినాయనే.

డిపో గేటు దాటింది. పాత స్నేహితులు పలకరించినా తల ఊపి నేరుగా ఆయన గదికి నడిచింది. మేనేజరు ఆమెను చూడగానే కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"కూర్చో అమ్మా. నీ విషయంలో... ఆ సంతకం నాదే. నా చేతుల్లో ఏమీ లేదు, కానీ సంతకం నాదే."

"తెలుసు సార్. దాని గురించి అడగడానికి రాలేదు. ఇప్పుడు నాకు మీ దగ్గర్నుంచి ఇంకో సంతకం కావాలి."

విషయం చెప్పింది. ఆయన పట్టిక అంతా చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట వేలు ఆగింది. కొట్టేసిన పేర్లలో ఆ డిపో నుంచే వెళ్ళిన క్లీనర్లు ఆరుగురున్నారు. కాగితం లాక్కుని అక్కడికక్కడే అనుమతి రాశాడు. రాశాక సొరుగులోంచి తాళం చెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"బల్లలు కూడా వాడుకోండి. ఫ్యాన్లు బాగు చేయిస్తాను. ఇంకేం కావాలి?"

"డ్రైవర్లు కావాలి సార్. ప్రతి స్టాపులో ఒక్క కేక వేస్తే చాలు."

పై ఆఫీసు నెల రోజులకే అనుమతిచ్చింది. అదీ షరతు మీద. రోజుకు సగటున వందమందైనా రాకపోతే మూసేయాలి. ఆ వంద మాట విని గుమాస్తా బెంగపడ్డాడు. "అంతమంది వస్తారంటారా?" కండక్టరమ్మ నవ్వింది. "మీరు పెన్నులు ఎక్కువ తెచ్చుకోండి."

ఆ తర్వాతి సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా ఏటి అవతలి బస్సులన్నింటికీ ముందద్దం మీద అత్తయ్య టైపు చేసిన కాగితం అంటించి ఉంది. స్టాపు స్టాపుకీ డ్రైవర్లు కిటికీలోంచి మెడ చాచి, "ఉపాధి ఆఫీసు డిపోకే వచ్చింది! పేర్లు పోయినోళ్ళు కూడా రండి!" అని కేకలేశారు. తొమ్మిదింటికి డిపో ఆవరణ నిండింది. తొమ్మిదిన్నరకు గేటు దాటి రోడ్డు మీదికి పోయింది లైను. తలుపు దగ్గర తోపులాట మొదలైంది. గుమాస్తా రిజిస్టర్లను గుండెలకు హత్తుకుని బల్ల వెనక్కి నక్కాడు.

కండక్టరమ్మ స్టూలెక్కింది. మూడు నెలలుగా గొంతులో అణిగి ఉన్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ముందుకు జరగండి! డోరు దగ్గర ఆగొద్దు! కొత్త పేర్లు ఎడమ పక్క! సంతకాలు మధ్యలో! పేర్లు పోయినవాళ్ళు కుడి పక్క, ఆఫీసరు గారి దగ్గరికి! నిలబడలేనివాళ్ళు బెంచీ మీద కూర్చోండి, మీ దగ్గరికే కాగితం వస్తుంది! జరగండన్నా, ఇది కాలక్షేపానికి ఆగే స్టాపు కాదు!"

జనం గొల్లుమని నవ్వారు. నవ్వుతూనే జరిగారు. అయిదు నిమిషాల్లో మూడు లైన్లు దారాలు పరిచినట్టు తిన్నగా నిలబడ్డాయి.

ఒంటిగంటకు గుమాస్తా చెయ్యి అలవాటుగా రేకు కోసం పైకి లేచింది. అక్కడ రేకు లేదు. ఎదురుగా లైను ఉంది. చెయ్యి దించేసుకుని, "ఇంకా ఎంతమంది ఉన్నారండీ?" అన్నాడు.

"నూట పదిమంది" అంది కండక్టరమ్మ.

"సరే, ఒక టీ ఇప్పించండి. కానిచ్చేద్దాం."

కుడివైపు బల్ల దగ్గర, వరుసలో ఏడోవాడు వెల్డరు. ఆమే కబురు చేసి రప్పించింది. ఆఫీసరు అతని కాగితం తీసుకుని, కారణం రాయాల్సిన చోట తన చేత్తో రాశాడు: 'ఈ దూరాన్ని, ఆ మెట్లను నేను స్వయంగా చూశాను. కారణం సరైనది.' ఎర్ర గీత పక్కన సంతకం పెట్టి, ముద్ర వేసి, పాత సీనియారిటీ తేదీని పైకి చదివాడు. వెల్డరు కర్ర మీద రెండు చేతులూ ఆన్చి కాసేపు అలాగే నిలబడిపోయాడు.

"ఏం తమ్ముడూ, దారిచ్చేదేమైనా ఉందా?" అంది స్టూలు మీంచి కండక్టరమ్మ.

సాయంత్రం అయిదింటికి చివరి మనిషి వెళ్ళాక ఆఫీసరు కాగితాలు లెక్కపెట్టాడు. మూడువందల పన్నెండు. నమ్మలేక రెండోసారి లెక్కపెట్టబోతే అత్తయ్య అడ్డుపడింది. "నేను రెండుసార్లు చూశాను. మీరింక ఆ మాట మీ పై ఆఫీసుకి రాయండి, టైపు చేసిస్తాను."

నెల గడిచింది. కౌంటరు మూతపడలేదు. సగటు రెండువందలు దాటేసరికి, పై ఆఫీసు షరతు తీసేసి, ఊళ్ళో ఇంకో రెండు చోట్ల కూడా కౌంటర్లు పెట్టమంది. ఆ నూట డెబ్భై ఒక్క పేర్లలో నూట అరవై నాలుగు మళ్ళీ జాబితాలోకెక్కాయి. కౌంటర్లు చూసుకోవడానికి రవాణా పని తెలిసిన మనిషి కావాలని ఆ ఆఫీసే ఒక ఖాళీ ప్రకటించింది. జాబితా ప్రకారం అయిదుగురిని పిలిచారు. కండక్టరమ్మ అందులో అయిదోది. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఊరి పటం ముందు పెట్టి, మిగతా కౌంటర్లు ఎక్కడ పెడితే బాగుంటుందని అడిగారు. మిగతా నలుగురూ పటం కేసి చూశారు. ఆమె పటం చూడకుండానే ఏ బస్సు ఎన్నింటికి ఎక్కడ దేన్ని కలుస్తుందో చెప్పుకుంటూ పోయింది. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు ఇంట్లో గిన్నెలు తోమింది ఆమె మొగుడు.

మూడో కౌంటరు తెరిచే రోజు పొద్దున, ఆమె బల్లలు సర్దిస్తుండగా ఫోను మోగింది. అవతల పెద్ద రొద. చుయ్‌మని, చిటపటమని ఏవో చప్పుళ్ళు.

"అక్కా, వినపడుతోందా?" వెల్డరు గొంతు అది.

"ఏంటి తమ్ముడూ, ఎక్కడున్నావ్? ఆ చప్పుడేంటి?"

"రైలు పెట్టెల కార్ఖానాలో అక్కా! ఇవాళే చేరాను. కూర్చుని చేసే బల్ల ఇచ్చారు. ఇందాకే మొదటి అతుకు వేశాను. ఫోర్‌మన్ వచ్చి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చూశాడు, చెక్కు చెదరలేదు. నీకు చెప్పాలనిపించింది."

ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. బయట గేటు దగ్గర మొదటి బస్సు ఆగి జనం దిగుతున్నారు.

"చెప్పు తమ్ముడూ, చెప్పు" అంది. "ఆ సుత్తి దెబ్బ దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు."